డౌన్ సిండ్రోమ్ ఉన్న పాపకు సీటు ఇవ్వాలనుంది, మావాళ్లు వెనకాడుతున్నారు. ప్లేస్కూల్ నడిపేవాళ్లు చెప్పండి

ప్రశ్న: గట్టుమీదబడి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. రాజమహేంద్రవరంలో ఒక ప్లేస్కూల్ నడుపుతున్నాను. ఫ్రాంచైజీ కాదు, సొంతంగా పెట్టుకున్నదే. అద్దె ఇల్లు. కింద నర్సరీ, ఎల్‌కేజీ. పైన యూకేజీ, నా ఆఫీసు గది. పిల్లలు అరవై మందికి అటూ ఇటూ. టీచర్లు నలుగురు, ఆయాలు ఇద్దరు.

పోయిన వారం ఒక జంట తమ పాపను చేర్చడానికి వచ్చారు. మూడున్నరేళ్లు. కుర్చీలో కూర్చోకముందే డౌన్ సిండ్రోమ్ అని చెప్పేశారు. చాలాచోట్ల చెప్పి అలవాటైనట్టుంది. మేం మాట్లాడుకుంటుండగా పాప నా బల్ల మీది స్టాంప్ ప్యాడ్ మూత తీసి, బొటనవేలు అద్ది, అడ్మిషన్ ఫారం మీద వరసగా ముద్రలు వేసింది. వాళ్లమ్మ కంగారుగా కొంగుతో తుడవబోతే ఆ చేతిని పక్కకు నెట్టి ఇంకొకటి వేసింది.

నడుస్తుంది. చెయ్యి పట్టుకుంటే మెట్లెక్కుతుంది. మాటలు పదో పన్నెండో వచ్చు, మనం చెప్పింది మాత్రం బాగా అర్థమవుతుందట. టాయిలెట్ అలవాటు సగమే అయింది. పసితనంలో గుండెకు ఆపరేషన్ జరిగింది, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించారు. స్పీచ్ థెరపీకి తీసుకెళుతున్నారు.

మా దగ్గరికి రాకముందు రెండు స్కూళ్లు తిరిగారు. ఒకచోట సీట్లు నిండిపోయాయన్నారట, గేటుకు అడ్మిషన్ల బ్యానరు వేలాడుతూనే ఉందట. రెండోచోట షాడో టీచరును, అంటే క్లాసులో పాప వెంటే ఉండే మనిషిని, మీరే పెట్టుకుని పంపండి అన్నారట. నేను ఆలోచించి ఫోన్ చేస్తానన్నాను.

మా నర్సరీ టీచరు మంచి అమ్మాయి. కానీ, "పద్దెనిమిది మందిని చూస్తున్నాను మేడమ్, ఆ పాపకు ఏదైనా అయితే అందరూ నన్నే అంటారు" అంది. ఎల్‌కేజీ టీచరు చేర్చుకుందాం అంటుంది, తన క్లాసు కాదు కాబట్టి. మావారు లెక్కలు చూస్తారు. మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారేమోనని ఆయన భయం. నాకు చేర్చుకోవాలనే ఉంది. అయితే మనసుంటే చాలా? షాడో టీచరు తప్పనిసరా? మిగతా తల్లిదండ్రులకు ముందే చెప్పాలా? చట్టం ఏమంటోంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: లెక్కలమాస్టారు (హైదరాబాద్)

మేడమ్, ఇక్కడ అందరూ మంచి మాటలే చెబుతారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. మాది ఫ్రాంచైజీ స్కూలు. ఒక బాబును చేర్చుకున్నాం. మాటలు ఆలస్యం, అంతే అన్నారు తల్లిదండ్రులు. ఆటిజం అని మాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నీళ్ల క్యాన్లు దింపడానికి గేటు తీసి ఉంచితే రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ చూశాడు కాబట్టి సరిపోయింది. ఆ నెలలోనే ఇద్దరు టీచర్లు మానేస్తామన్నారు.

అద్దె, జీతాలు, కరెంటు బిల్లు అన్నీ ఫీజుల మీదే నడవాలి. స్పెషల్ స్కూల్లో అయితే శిక్షణ పొందినవారుంటారు, పాపకే మేలు. జాలిపడి తీసుకుని సగంలో పంపించేయడం కంటే ముందే కాదని చెప్పడం నిజాయితీ అని నా అభిప్రాయం. తప్పుగా అనుకోవద్దు.

జవాబు: బలపం (హనుమకొండ)

మాస్టారు చెప్పినదాంట్లో ఒక మాటతో నాకు పేచీ లేదు. సగంలో పంపించడం కంటే ముందే కాదనడం మేలు. మిగతాదంతా గేటు సంగతి. గేటు తీసి ఉంటే ఏ మూడేళ్ల పిల్లలైనా రోడ్డెక్కుతారు, దానికి ఆటిజం అక్కర్లేదు. మా గేటుకు కింది గడియ కాక, పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఇంకో గొళ్లెం పెట్టించాను. వెల్డింగ్ అతను ఒక్క పూటలో బిగించి వెళ్లాడు. క్యాన్లు, కూరగాయలు, కొరియర్ ఏవైనా సరే బడి మొదలవకముందో వదిలిన తర్వాతో రావాలి. ఇక ఆ తల్లిదండ్రులు దాచారని కోపం తెచ్చుకునే ముందు, చెప్పిన చోటల్లా సీట్లు ఎలా నిండిపోతున్నాయో పై ప్రశ్నలోనే చూడండి.

గట్టుమీదబడి గారూ, నేను హనుమకొండలో చాలా ఏళ్లుగా చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లు, సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు మా దగ్గర చదివారు. మనలాంటి యజమానుల సంగతి నాకు తెలుసు. కళ్లజోడు, వినికిడి యంత్రం, కాలికి పట్టీ అంటే "అయ్యో, తీసుకురండి" అంటాం. తెలివితేటలకో ప్రవర్తనకో సంబంధించినదైతే అప్పటిదాకా గుర్తుకురాని స్టాఫ్ శిక్షణ హఠాత్తుగా గుర్తుకొస్తుంది. నిజం చెప్పాలంటే మామూలు మూడేళ్ల పిల్లల కోసం మాత్రం మన టీచర్లలో ఎందరు శిక్షణ తీసుకున్నారు?

మీ టపాలో నేను ముందు వెతికింది వేరు. టీచర్లు ఏమన్నారో రాశారు, మీవారు ఏమన్నారో రాశారు. ఆయాలు ఏమన్నారు? టాయిలెట్ అలవాటు సగమే అయిన పాప రోజులో ఎక్కువసార్లు పట్టుకునే చెయ్యి ఆయాదే. బట్టలు మార్చేది ఆమె, మెట్ల దగ్గర నిలబడేది ఆమె, డబ్బా మూత తీసిపెట్టేది ఆమె. ఇలాంటి నిర్ణయాలు తీసుకునే మీటింగులో ఆమె టీ కప్పులు అందించి వెళ్లిపోతుంది. ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. ఆమెకు పని పెరుగుతుంది కాబట్టి జీతమూ పెంచండి. మనది సేవ అని చెప్పి ఆ సేవ భారం ఆరేడు వేల జీతగత్తె మీద వేసే యాజమాన్యాలను చూశాను, ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది నాకు.

రెండోది మీ నర్సరీ టీచరు మాట. "ఏదైనా అయితే నన్నే అంటారు" అంది కదా, అది ఆ పాప గురించి అన్న మాట కాదు, మీ గురించి అన్నది. పాప జారి పడి మోకాలు చెక్కుకుపోయిన రోజున, వాళ్ల నాన్న గొంతు పెంచితే మీరు ఎవరి పక్కన నిలబడతారన్నది ఆమె సందేహం. దానికి ధైర్యవచనాలు చాలవు. తల్లిదండ్రులతో నేనే మాట్లాడతాను, నువ్వు మాట్లాడనక్కర్లేదని అందరి ముందూ చెప్పండి. ప్రమాదాల పుస్తకం ఒకటి పెట్టి, ఎవరికి చిన్న దెబ్బ తగిలినా ఆ రోజే రాసి, తీసుకెళ్లడానికి వచ్చినవారితో సంతకం చేయించండి. పిల్లలందరికీ అదే పద్ధతి. పద్దెనిమిది మంది అన్నది మాత్రం న్యాయమైన మాట. ఇద్దరు ఆయాల్లో ఒకరిని ఉదయం పూట పూర్తిగా నర్సరీకే ఇచ్చేయండి.

అందుకే షాడో టీచరు గురించి నా అభిప్రాయం ఆ రెండో స్కూలువారు అన్నదానికి వ్యతిరేకం. ఒకసారి ఒక కుటుంబం తమ బాబు వెంట తామే ఒకమ్మాయిని పెట్టి పంపారు. ఆ అమ్మాయి, బాబు గదిలో ఒక మూల, మిగతా బడంతా ఇంకో మూల. కొన్నాళ్లకు మా టీచరు బాబును పిలవాల్సి వస్తే ఆ అమ్మాయి వైపు చూడటం మొదలుపెట్టింది. మనిషి కావాలి, కానీ క్లాసుకు కావాలి, పాపకు కాపలాగా కాదు. కొందరు పిల్లలకు నిజంగానే ఒకరు వెంట ఉండాలి, అది వేరు. నడిచే, అర్థం చేసుకునే, స్టాంప్ ప్యాడ్ తెరిచే పాపకు ముందే ఆ షరతు పెట్టడం గుమ్మంలో నుంచే మర్యాదగా పంపేయడం.

తల్లిదండ్రులతో ఇంకోసారి కూర్చోండి. రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి రోజు ఎలా గడుస్తుందో అడగండి. టాయిలెట్ వస్తే ఎలా చెబుతుంది, మాటా సైగా? తినేవాటిని ఎంత చిన్న ముక్కలు చేయాలి? ఏ శబ్దానికి చెవులు మూసుకుంటుంది? అలిగితే ఏం చేస్తుంది? ఈ చివరిది తప్పకుండా అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు చాలామంది ఇష్టంలేని చోటికి రమ్మంటే నేల మీద చతికిలబడతారు. ఏ దేవుడు దిగొచ్చినా లేవరు. అప్పుడు రెక్క పట్టుకుని లాగకూడదు. వాళ్ల కీళ్లు వదులుగా ఉంటాయి, కండరాల బిగువు తక్కువ. మా ఆయా ఒకామె కనిపెట్టిన ఉపాయం చెబుతాను. మా బడిలో డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పాప కూలబడగానే ఆమె కూడా పక్కన కూర్చుని, చేతిలో ఉన్న బుట్టలోంచి బంతులు ఒక్కొక్కటే తీసి పాప ఒళ్లో పెట్టేది. బుట్ట ఖాళీ అయ్యాక "ఇవి అక్కడ పెట్టేసి వద్దామా" అని లేచేది. వెనకాలే పాప లేచేది, ఒళ్లో బంతులన్నీ దొర్లుకుంటూ పోతుంటే ఏరుకుంటూ. మొదట్లో దీనికి చాలాసేపు పట్టేది. టీచరు రైమ్ ఆపకుండా పాడుతూనే ఉండేది, అది కూడా ముఖ్యమే. క్లాసు మొత్తం ఆగి చూస్తే అదొక ఆట అయిపోతుంది.

మెడ విషయం మరచిపోకండి. వీళ్లలో కొందరికి మెడ ఎముకల పైభాగంలో పట్టు తక్కువగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, తలకిందుల ఆటలు ఆడించవచ్చో లేదో పిల్లల డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. వినికిడి, చూపు పరీక్షలు ఎప్పుడు చేయించారో అడగండి. జలుబు చేస్తే చెవుల్లో నీరు చేరి మాట సరిగా వినబడకపోవడం వీళ్లలో ఎక్కువ. పిలిస్తే పలకలేదని మొండితనం అంటగట్టేముందు ఇది చూసుకోవాలి. విన్నదాని కంటే చూసినది బాగా పట్టుకుంటారు. మీ బడిలోని నీళ్ల కుండ, చెప్పుల అర, టాయిలెట్, బొమ్మల పెట్టె ఫోనుతో ఫొటోలు తీసి, ప్రింటు వేసి, పాప ఎత్తులో వరసగా గోడకు అంటించండి. మాటలు రాని పిల్లలకోసం అనుకుంటాం గానీ నర్సరీ మొత్తం వాటినే చూపించి అడుగుతుంది.

మిగతా తల్లిదండ్రులకు ముందే చెప్పాలా అంటే, అక్కర్లేదు. పక్క పిల్లాడికి ఉబ్బసం ఉందని అందరికీ సర్క్యులర్ పంపుతామా? పాప ఆరోగ్యం సంగతి చెప్పుకోవాలో వద్దో వాళ్ల అమ్మానాన్నల ఇష్టం. ఎవరైనా వచ్చి అడిగితే, "మీ అబ్బాయి గురించి అడగండి, చెబుతాను" అంటాను నేను. ఒకాయన టీసీ అడిగారు, ఇచ్చేశాను. మీవారు భయపడినట్టు బడి ఖాళీ కాలేదు.

మిగతా పిల్లల గురించి మీరు భయపడాల్సింది వేరే ఉంది. వాళ్లు ఏడిపించరు, ముద్దు చేసి పాడుచేస్తారు. మా ఎల్‌కేజీ ఆడపిల్లలు ఆ బంతుల పాపను బొమ్మలా చంకనెత్తుకుని తిరిగేవారు. చెప్పులు తొడిగేవారు, అన్నం పెట్టేవారు. పాపకు హాయి. ఏ పనీ నేర్చుకోనక్కర్లేదు కదా! టీచరు అడ్డుపడి "దాని పని అది చేసుకుంటుంది" అని రోజూ చెప్పాల్సి వచ్చింది.

మొదటి వారాల్లో తక్కువసేపు ఉంచడం మంచిదే. ఎప్పటికి పూర్తి పూట చేస్తారో మాత్రం ముందే తేదీ రాసుకోండి. లేకపోతే ఆ గంటన్నరే శాశ్వతమైపోతుంది, ఆ తల్లి ఉద్యోగం మానేసి మీ గేటు ముందు స్కూటీ మీద కూర్చుంటుంది.

జవాబు: ఇద్దరాడపిల్లలనాన్న (విజయవాడ)

మా చిన్నమ్మాయికి సెరెబ్రల్ పాల్సీ. తండ్రిగా ఒక్క విషయమే చెబుతాను మేడమ్. మేం తిరిగిన స్కూళ్లలో ఎవరూ వద్దని సూటిగా అనలేదు. "మా దగ్గర అంత సౌకర్యాలు లేవండీ, పాప ఇబ్బంది పడుతుంది" అనేవారు. ఏ సౌకర్యం అని అడిగితే నీళ్లు నమిలేవారు. చివరికి తీసుకున్న స్కూలులో ప్రిన్సిపాల్ గారు మా మాట పూర్తికాకముందే లేచి, పాప వాకర్ టాయిలెట్ తలుపులో పడుతుందో లేదో టేపు తెచ్చి కొలిచారు. పట్టలేదు. తలుపు తీయించి కర్టెన్ వేశారు.

మీరు కాదనాలనుకున్నా ఫోన్ చేసి చెప్పండి. ఆలోచించి చెబుతామన్న ఫోన్ల కోసం మేం చాలా ఎదురుచూశాం.

జవాబు: భవితటీచర్ (ఏలూరు)

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మండల భవిత కేంద్రంలో పనిచేస్తున్నాను. చట్టం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన ఏర్పాట్లు చేయాలి. మీ స్కూలుకు గుర్తింపు ఉంటే ఇది మీకు వర్తిస్తుంది. అయితే 31వ సెక్షన్‌లోని ఉచిత విద్య హక్కు 40 శాతం అంతకుమించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు. విద్యాహక్కు చట్టంలో నిర్బంధ విద్య కూడా ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. గుర్తింపు లేని ప్లేస్కూళ్లు వీధికొకటి ఉన్న మన ఊళ్లలో మూడు నుంచి ఆరేళ్ల మధ్య పాపకు సీటు దొరకడమన్నది ఆచరణలో ప్రిన్సిపాల్ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దాని మీదే ఆధారపడుతోంది. జాతీయ విద్యావిధానం 2020 ఈ మూడేళ్లనూ చదువు పునాది దశలో కలిపింది. అంగన్‌వాడీల కోసం కేంద్రం 2023 నవంబరులో దివ్యాంగ బాలల ప్రోటోకాల్ విడుదల చేసింది. ప్రైవేటు ప్లేస్కూలు వారు కూడా దాన్ని చదవడం మంచిది. వయసుకు తగ్గ ఎదుగుదల ఎలా గమనించాలో, కార్యక్రమాల్లో ఎలా కలుపుకోవాలో అందులో ఉంటుంది.

పాపకు సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం, ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేసుకోమనండి. అది ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు, లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. హైదరాబాద్ వెళ్లగలిగితే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అక్కడ చిన్నపిల్లల కోసం ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. టీచర్ల సందేహాలకు మీ మండల భవిత కేంద్రంలోని రిసోర్స్ పర్సన్‌ను పిలవండి. చాలామంది ప్రైవేటు వారు మమ్మల్ని పిలవవచ్చని అనుకోరు.

లెక్కలమాస్టారు గారికి ఒక మాట: స్పెషల్ స్కూలు కావాల్సిన పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ మూడున్నరేళ్లకే ఆ దారి ఒక్కటే అని తేల్చేయడం తొందరపాటు.

గట్టుమీదబడి

అందరికీ కృతజ్ఞతలు. ఆయాలను కూర్చోబెట్టి అడిగాను. పెద్దావిడ మొదట అడిగిన ప్రశ్న, "పాప బరువెంతమ్మా?" పధ్నాలుగు కిలోలు అని చెబితే, "అయితే ఎత్తగలను, కానీ ఎత్తను, నడిపిస్తాను" అంది. కింది టాయిలెట్‌లో చేతి షవర్ పెట్టించమంది, వెస్టర్న్ సీటు ముందు వేయడానికి తక్కువ ఎత్తు పీట కావాలంది. రెండో ఆమెకు ఇష్టం లేదు, నడుంనొప్పి ఉందని చెప్పింది. ఆమెను ఎల్‌కేజీకే ఉంచుతున్నాను. జీతం విషయంలో మావారితో పెద్ద చర్చే జరిగింది. ఒప్పుకున్నారు, మొహం మాత్రం ఇంకా మామూలుగా లేదు. నర్సరీ టీచరు ఒక షరతు పెట్టింది, మొదటి వారం నేను క్లాసులో కూర్చోవాలట. సరేనన్నాను.

పాపవాళ్లకు నిన్న ఫోన్ చేశాను. సోమవారం నుంచి వస్తారు. రెండు సందేహాలు మిగిలాయి. పాప ఎల్‌కేజీ దాటి, పైనున్న యూకేజీకి వెళ్లేసరికి మెట్ల సంగతి ఏమిటి? ఫీజు కొంచెం ఎక్కువ తీసుకోవచ్చా? ఆయా జీతం పెరిగింది కదా.

బలపం (హనుమకొండ)

పెద్దావిడను వదులుకోకండి.

మెట్లకు చాలా సమయం ఉంది. ఇప్పటి నుంచే గోడవైపు, పిల్లలకు అందే ఎత్తులో ఒక పైపు రెయిలింగు వేయించండి. వీలైతే యూకేజీని కిందికి దించి మీ ఆఫీసును పైనే ఉంచండి. పైన ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ఎల్‌కేజీని ఎక్కించాల్సి వస్తుందేమో, అది మీ ఇంటి కొలతలు చూసి తేల్చుకోవాలి.

ఫీజు మాత్రం అందరికీ ఎంతో ఆ పాపకూ అంతే. షవర్, పీట, జీతం స్కూలు ఖర్చులో రాయండి. ఆ పీట ఎలాగూ నర్సరీలో అందరూ ఎక్కుతారు. ఇంకొకటి, మీరు చేస్తారని కాదు, మా ఊళ్లో ఒక స్కూలువారు చేశారు కాబట్టి చెబుతున్నాను. అడ్మిషన్ల సీజన్ రాగానే బ్రోచర్ మీద వేసుకోవడానికి పాప ఫొటో అడగకండి.